ఇరవై నాలుగు మెట్ల పరీక్ష

వికలాంగుల బస్ పాస్ కౌంటర్‌ను మేడ మీద పెట్టిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ గది ఎంచుకున్న రోజు మీలో ఒక్కరి బుర్రైనా పనిచేసిందా? కింద మూడు గదులున్నాయి. ఒకదాంట్లో విరిగిన కుర్చీలు, ఒకదాంట్లో పాత టైర్లు, మూడోదానికి తాళం. కుర్చీలకూ టైర్లకూ మెట్లెక్కే బాధ లేకుండా చూసుకున్నారు. కాళ్లు సరిగ్గా లేని మనుషులను మాత్రం ఇరవై నాలుగు మెట్లు ఎక్కి రమ్మన్నారు. ఆ మెట్లకు పట్టుకోవడానికి రెయిలింగైనా లేదు. పైగా బోర్డు మీద వికలాంగులు అన్న మాట తుడిపించి దివ్యాంగులు అని రాయించారు. బోర్డు మార్చడానికి నిచ్చెన దొరికింది, కౌంటర్ మార్చడానికి మనిషి దొరకలేదు. మెదక్‌లో ఒక శుక్రవారం నాడు ఏం జరిగిందో చెబుతాను. ఇందులో మీ వాటా ఎంతో మీరే తేల్చుకోండి.

ఆ పొద్దున నర్సింహ అనుకున్నది చాలా చిన్న పని. పది గంటలకు పాస్ కౌంటర్, పదకొండున్నరకల్లా ఇల్లు. సోమవారం నుంచి మనోహరాబాద్ దగ్గర ఒక కంపెనీ గేటు దగ్గర కూర్చుని లారీల నంబర్లు రాసే ఉద్యోగం. నలభై రెండేళ్ల వయసులో, ఎడమ కాలు పోలియోకి పోయి, చంకలో కర్రతో తిరిగే మనిషికి కూర్చుని చేసే పని దొరకడం మామూలు సంగతి కాదు. అయితే రోజూ పోను రాను టికెట్ కొంటే జీతంలో సగం బస్సే తింటుంది. ఫ్రీ పాస్ చేతికొస్తే ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. అంతే.

అతని భార్య దేవిక జిరాక్సులన్నీ వరుసగా పెడుతూ అంది, "నేనైతే ఆధార్ కార్డు చూపిస్త, కండక్టర్ జీరో టికెట్ కొడ్తడు. నీకు చూడు, డాక్టర్ సర్టిఫికెట్, ఫారం, ఫొటోలు. ఆడిదానిగ పుట్టినా అయిపోతుండె నీకు."

"ఆడిదానిగ పుడితే నీతోని పెండ్లి ఎట్లయితుండె?"

"అదే అంటున్న. ఇద్దరం బాగుపడుతుంటిమి."

పక్కింటి మహేష్ తన ఆటోలో ఇద్దరినీ పాస్ కౌంటర్ దగ్గర దింపాడు. మెట్ల కింద ఎల్లయ్య కూర్చుని ఉన్నాడు. ఎల్లయ్యది ఎల్దుర్తి. వరికోత మిషన్‌లో కుడి కాలు మోకాలిదాకా పోయింది. పెట్టుడు కాలు మీద నడుస్తాడు. ఈ ఆఫీసు చుట్టూ తిరగడం ఆయనకు ఇది నాలుగోసారి.

"కాకా, పైన సార్ ఉన్నడా?" అని అడిగాడు నర్సింహ.

"ఉన్నడు. డాక్టర్ కంటే పెద్ద డాక్టర్. పోయిన నెల నేను మెట్లు జర మంచిగ ఎక్కిన. కాలు బాగనే ఉన్నదని రాసిండు. లేని కాలు, తమ్మీ. లేని కాలు బాగున్నదని రాసిండు."

పైన కూర్చున్న క్లర్కు పేరు కృష్ణమోహన్. ఆయన పుట్టుకతో చెడ్డవాడు కాదు. ఏడాది కింద ఒకడు కుంటుకుంటూ వచ్చి పాస్ తీసుకున్నాడు. పాస్ జేబులో పెట్టుకుని కిందికి దిగి, కదులుతున్న బస్సు వెనక పరుగెత్తి ఎక్కేశాడు. ఆ బస్సులోనే అప్పటి ఆఫీసర్ ఉన్నాడు. కృష్ణమోహన్‌కు మెమో వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన డాక్టర్ల సంతకాలను నమ్మడం మానేశాడు. టేబుల్‌ను మెట్లకు ఎదురుగా తిప్పించుకున్నాడు. మనిషి మెట్లెక్కే తీరు చూసి కాగితం మీద రాసేవాడు. సులువుగా ఎక్కితే పాస్ లేదు. కష్టపడి ఎక్కితే పాస్. అసలు ఎక్కలేనివాళ్ల సంగతి ఆయన ఆలోచించలేదు, వాళ్లెవరూ ఆయనకు కనబడలేదు గనుక.

నర్సింహ ఆ మెట్లను కింద నుంచి పైదాకా చూశాడు. కర్ర మోసీ మోసీ అతని భుజం ఎప్పుడో అరిగిపోయింది. దేవిక ఫారం పట్టుకుని తానే చకచకా ఎక్కింది. కృష్ణమోహన్ ఆమె పాదాల వంకే చూశాడు.

"మంచిగనే ఎక్కినవ్ గదమ్మా. నీకేమున్నది?"

"నాకేం లేదు సార్. మా ఆయనకు. కింద కూసున్నడు."

"మరి ఆయన ఎక్కాలె గని, నువ్వెక్కితే నేనేం జూడాలె?"

దేవిక కిందికి దిగి ఆ మాట చెప్పింది. మహేష్ ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌కు పోయి ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీనీ, చాయ్ మాస్టర్‌నూ, చాయ్ తాగుతున్న ఇద్దరినీ పట్టుకొచ్చాడు. నలుగురూ నర్సింహను కుర్చీలో కూర్చోబెట్టి పైకి ఎత్తారు.

నర్సింహ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. జీవితమంతా అతను నేర్చుకున్న విద్య ఒకటే, కాలు కనబడకుండా నిలబడడం. పెళ్లి ఫొటోల్లో ఎవరో ఒకరి వెనక నిలబడతాడు. బస్టాండులో స్తంభానికి ఆనుకుంటాడు. అలాంటి మనిషిని ఇప్పుడు బజారంతా చూస్తుండగా దేవుడి పల్లకిలా మోస్తున్నారు. కింద నిలబడ్డవాళ్లలో ఎవరో ఫోన్ తీసి వీడియో కూడా తీశారు.

కుర్చీ టేబుల్ ముందు దిగింది. కృష్ణమోహన్ కళ్లద్దాలు తీసి చూశాడు.

"ఇదేంది?"

"మనిషి సార్," అన్నాడు మహేష్.

"మోసుకొస్తే నాకేం తెలుస్తది? ఎక్కంగ చూడాలె నేను."

"ఎక్కరాదనే గద సార్ మోసుకొచ్చిన్రు," అన్నాడు నర్సింహ.

"ఎక్కరాదని నాకెట్ల తెల్వాలె? కిందికి దిగి, మళ్ల ఎక్కు. ఎక్కలేకపోతే అప్పుడు రాస్త."

"ఎక్కలేకపోతే మీ దాక ఎట్లొస్త సార్?"

కృష్ణమోహన్ ఒక నిమిషం నిజాయితీగా ఆలోచించాడు. తర్వాత ఇంకో ప్రశ్న దొరికింది. "బస్సెక్కుతవా లేదా?"

"ఎక్కుత. మూడే మెట్లు. పట్టుకోనీకి రాడ్ ఉంటది, కండక్టర్ చెయ్యిస్తడు."

"చూసినవా, మూడెక్కుతవ్. ఇరవై నాలుగంటే గవ్వే మూడు ఎనిమిదిసార్లు."

ఇంతలో మహేష్ ఫోన్ మోగింది. చర్చి దగ్గరి నుంచి గిరాకి. "పది నిమిషాల్ల వస్త అన్నా," అంటూ దిగిపోయాడు. పొయ్యి మీద పాలు ఉన్నాయని చాయ్ మాస్టర్ వెళ్లాడు. చాయ్ తాగేవాళ్లు చాయ్ చల్లారుతుందని వెళ్లారు. నర్సింహ పైనే మిగిలిపోయాడు. దిగితేగాని ఎక్కలేడు, ఎక్కితేగాని పాస్ లేదు, దించడానికి మనిషి లేడు.

ఇక కింద ఎల్లయ్య ఊరికే కూర్చోలేదు. పాస్ కోసం వచ్చిన ముగ్గురిని పోగుచేసి పాఠం మొదలుపెట్టాడు. "నాలుగు మెట్లకొకసారి ఆగుండ్రి. మోకాలు పట్టుకోండ్రి. మూలుగు జర పైకి వినబడాలె. నాలెక్క మంచిగ నడిచి ఆగం కాకుండ్రి." నిజంగా కాళ్లు బాగాలేనివాళ్లే, ఆ మెట్ల కింద నిలబడి, కాళ్లు బాగాలేనట్టు నటించడం నేర్చుకున్నారు.

అప్పుడే ఉదయ్ కుమార్ వచ్చాడు. ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపులో పనిచేస్తాడు. పుట్టుకతో చెవుడు. అందరూ మోకాళ్లు పట్టుకుని కుంటుతుంటే ఏమిటని చేత్తో అడిగాడు. అతనికి వినబడదని ఎల్లయ్యకు తెలియదు. అతనిదీ కాలి బాధే అనుకుని, తొడ మీద తట్టి, పైకి చూపించి, తానే కుంటుతూ చూపించాడు. ఉదయ్ తల ఊపాడు. పనిలో పడితే శ్రద్ధగా చేసే మనిషి. అంత చక్కగా కుంటుకుంటూ ఎక్కాడంటే ఎల్లయ్యకే అసూయ పుట్టింది.

కృష్ణమోహన్ సగం లేచి నిలబడ్డాడు. "మెల్లగ రా తమ్మీ, మెల్లగ," అన్నాడు జాలిగా. కాగితాలు తీసుకున్నాడు. సర్టిఫికెట్ చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇది చెవుల సర్టిఫికెట్. చెవులు వినరాకుంటే కాలెందుకు కుంటుతున్నది?"

ఉదయ్‌కు మాట వినబడలేదు, కోపం మాత్రం కనబడింది. కుంటడం చాల్లేదేమో అనుకున్నాడు. టేబుల్ చుట్టూ ఇంకో రౌండ్ కుంటుకుంటూ తిరిగాడు.

కృష్ణమోహన్ కిటికీలోంచి కిందికి చూశాడు. ఎల్లయ్య ఇంకెవరికో మోకాలు పట్టుకోవడం నేర్పుతున్నాడు. ఆయనకు పాత మెమో గుర్తొచ్చింది. వెంటనే పెద్దాఫీసుకు ఫోన్ చేశాడు. "గ్యాంగ్ సార్, పెద్ద గ్యాంగ్. కింద ట్రైనింగ్ నడుస్తున్నది." మొన్ననే చార్జి తీసుకున్న కొత్త ఆఫీసర్ ఈ రోజు మెదక్‌లోనే ఉన్నారనీ, అక్కడికే పంపుతామనీ అవతలివాళ్లు చెప్పారు.

ఫోన్ పెట్టేసి ఆయన నర్సింహ ఫారం, ఉదయ్ ఫారం, ఎల్లయ్య పాత ఫారం కలిపి తాడుతో కట్టాడు. పైన ఎర్ర ఇంకుతో 'అనుమానం' అని రాశాడు.

"నా పేరెందుకు సార్ అందుల?" అన్నాడు నర్సింహ.

"నలుగురిని పెట్టుకొని మోపిచ్చుకున్నవ్. లీడర్‌వి నువ్వే. ఆఫీసర్ వచ్చినంక పాస్ సంగతి పక్కకు పెట్టు, నీ సర్టిఫికెట్ గూడ క్యాన్సిల్ అయితది."

కుర్చీ వెంటే పైకొచ్చిన దేవిక కొంగు నడుముకు చుట్టింది. "సార్, జర మర్యాదగ మాట్లాడుండ్రి. ముప్పై తొమ్మిదేండ్ల సంది ఆ కాలు అట్లనే ఉన్నది. ఇయ్యాల మీ మెట్ల కోసం నటిస్తుండా?"

నర్సింహ లెక్క చూసుకున్నాడు. పొద్దున లేని ఉద్యోగం కోసం వచ్చాడు. ఇప్పుడు ఉన్న సర్టిఫికెట్ కూడా పోయేలా ఉంది. అది పోతే పింఛను పోతుంది. కంపెనీవాళ్లు ఈ సీటు ఇచ్చిందే ఆ సర్టిఫికెట్ చూసి.

మధ్యాహ్నం ఒంటిగంటకు మెట్ల మీద ఒకామె కనబడింది. యాభై ఐదేళ్లుంటాయి. నూలు చీర, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అచ్చం పాస్ కోసం వచ్చినవాళ్లలాగే. గోడకు అరచెయ్యి ఆనించి ఒక కాలు పైకి పెట్టింది, రెండోది పక్కకు చేర్చింది, ఊపిరి తీసుకుంది. పన్నెండో మెట్టు దగ్గర కూర్చుంది. కళ్లు తుడుచుకుంది. మళ్లీ లేచింది.

కృష్ణమోహన్ ముఖం వెలిగింది. పొద్దుటి నుంచి ఆయన చూసిన మొదటి అసలు సిసలు మనిషి. ఆడవాళ్లకు బస్సే ఫ్రీ, పాస్ ఎందుకన్న సంగతి ఆయనకు తోచనే లేదు. ఈలోగా ఎల్లయ్య, మిగతావాళ్లు ఆమె వెనకే ఎక్కి వచ్చారు. వాళ్లందరికీ ఆమెను చూపించాడు.

"చూడుండ్రి, గిట్లుంటది నిజమంటే. యాక్షన్ లేదు, మూలుగు లేదు. అమ్మను చూసి బుద్ధి తెచ్చుకోండ్రి. అమ్మా, తొందర లేదు. మీ పాస్ ఇయ్యాలనే అయితది, నాది గ్యారంటీ." ఒక కొత్త ఫారం తీసి, 'స్వయంగా పరిశీలించితిని, పూర్తిగా అర్హురాలు' అని రాసి ముద్ర కూడా కొట్టాడు. "వైకల్యం ఎంత శాతమమ్మా మీది?"

ఆమె టేబుల్ పట్టుకుని కాసేపు రొప్పింది. ఫైలు తెరిచి ఒక కాగితం ముందు పెట్టింది.

"శాతం లేదు. ఆర్డర్ ఉన్నది."

అది ఆమె పోస్టింగ్ ఆర్డర్. పేరు రాజమణి. కొత్త ఆఫీసర్.

కృష్ణమోహన్ తాను ముద్ర కొట్టిన ఫారాన్ని చేత్తో కప్పేశాడు. వచ్చినవాళ్లకు వేసే కుర్చీ లేక రాజమణి గోడ పక్కనున్న అర్జీల పెట్టె మీద కూర్చుంది. "మోకాళ్లు అరిగినయ్. రేపో మాపో ఆపరేషన్ అంటున్నరు. వికలాంగురాలిని కాదు నేను. మీ పరీక్షల మాత్రం ఫస్ట్ వచ్చినట్టున్న." తర్వాత ఉదయ్ వైపు తిరిగి, ఒక కాగితం మీద ఎందుకు కుంటుతున్నావని రాసి ఇచ్చింది. ఆ గదిలో అతనికి రాసి చూపించాలని తోచిన మొదటి మనిషి ఆమే. ఉదయ్ దాని కిందే రాశాడు: 'అందరూ కుంటుతున్నారు మేడం. రూల్ అనుకున్నాను.'

ఎల్లయ్య అడక్కుండానే ప్యాంటు పైకి మడిచి, పెట్టుడు కాలు విప్పి టేబుల్ మీద పెట్టాడు. "ఇది బాగనే ఉన్నది మేడం. సార్ రాసింది కరెక్టే."

ఆమె నర్సింహను అడిగింది. "మీరెట్ల వచ్చిన్రు?"

"మోసుకొచ్చిన్రు మేడం."

"మరి ఎట్ల దిగుతరు?"

"అది ఫారంల లేదు మేడం."

రాజమణి రిజిస్టర్ తిప్పింది. "చక్రాల కుర్చీల మీద ఉండేటోళ్లకు ఎన్ని పాసులు ఇచ్చిన్రు?"

కృష్ణమోహన్ ఇప్పుడైనా ఒక మంచి మాట చెప్పాలనుకున్నాడు. "అసొంటోళ్లు మన మెదక్‌ల లేరు మేడం. ఏడాది సంది ఒక్కరు గూడ పైకి రాలే."

ఆ మాట చెప్పాక దాని బరువు ఆయనకే తగిలినట్టుంది. పెన్ను మూత పెట్టి తల వంచుకున్నాడు.

మూడు ఫారాల మీద రాజమణి సంతకం చేసింది. నర్సింహ చేతికి పాస్ వచ్చింది. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పైనుంచి చెయ్యి అదిమి పట్టుకున్నాడు. మహేష్ నలుగురితో తిరిగొచ్చి అతన్ని కిందికి దించాడు. తర్వాత కుర్చీ రెండోసారి పైకి వెళ్లింది, ఎందుకంటే ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు కష్టమని రాజమణికి అప్పుడు తెలిసింది. కుర్చీ కాలొకటి కృష్ణమోహన్ పట్టాడు.

సగం మెట్ల మీద, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ఆమె అంది. "కౌంటర్ కిందికి మార్చాలని ప్రతిపాదన పంపిస్త. ఎస్టిమేట్ వెయ్యాలె, ఇంజనీర్ చూడాలె, ఆర్నెల్లు పడుతది."

"మిమ్ముల దింపనీకి ఐదు నిమిషాలే పడుతది మేడం," అన్నాడు మహేష్.

సోమవారం నర్సింహ బస్సెక్కాడు. దాన్ని మీ దయ అనుకోకండి. ఒక ఆఫీసర్‌కు మోకాళ్ల నొప్పి ఉండడం వల్ల ఒక మనిషికి న్యాయం జరిగింది, అంతే. మిగతావాళ్లు ఎవరి మోకాళ్లు అరిగేదాకా ఎదురుచూడాలి? మాకు ప్రతిపాదన వద్దు, ఎస్టిమేటు వద్దు, ప్రారంభోత్సవం అసలే వద్దు. రేపు పొద్దున పది గంటలకల్లా ఆ టేబుల్ నేల మీద ఉండాలి. పైకి రాలేదు గనుక లేరని రాసుకున్న ప్రతి మనిషి ఇంటికీ ఫారం పట్టుకుని మీరే వెళ్లాలి. మెట్లెక్కే పని ఫైలుకు అప్పజెప్పండి. దానికి ఒక్క కాలూ లేకపోయినా ఇంతవరకూ ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు.