ఇంటి ముంగిటికే బండి

నడవలేని పౌరుల కోసం బెంగళూరులో తిరుగుతున్న ‘ఇంటి ముంగిటికే బండి’ ఇకమీదట ఇంటి ముంగిటికి రాదని, సేవను మెరుగుపరచడంలో ఇది తొలి మెట్టు మాత్రమేనని అధికారులు సంతోషంగా ప్రకటించారు.

నగర్తపేటలో జరీ అంగడి వెనక గదిలో ఉండే భాగీరథమ్మకు ఆ సంతోషం అందరికన్నా ముందు అందింది. కాళ్ళు పడిపోయిన ఆమెకు ఆపైన కిడ్నీలూ మొరాయించాయి. ప్రతి సోమవారం, గురువారం ధర్మాసుపత్రిలో డయాలిసిస్ జరగాలి. ఒకసారి తప్పితే ముఖం ఉబ్బుతుంది, మళ్ళీ తప్పితే ఊపిరాడదు. ఉచితంగా చేయాలంటే రోగి ఆ బండిలోనే వచ్చి దిగాలని ఆసుపత్రి నియమం. నిజంగా నడవలేనివాళ్ళు ఎవరో వాళ్ళకు మాత్రం ఎలా తెలియాలి?

డబ్బులు చాలక అవస్థపడుతున్న, ఆ బండిని నడిపే సంస్థను గట్టెక్కించే బాధ్యత సలహాదారు యశ్వంత్‌గారిది. ఆయన సిటీ బస్సు ఎక్కిన పాపాన పోకపోయినా బస్సులంటే అపారమైన ప్రేమ. ఒక్క ముసలామె కోసం బండి సందులో దూరడం దుబారా అని ఆయన కనిపెట్టారు. బండి ముందు సందు మొగకు జరిగింది, తర్వాత పెద్ద రోడ్డుకు జరిగింది, చివరికి దేవనహళ్ళి దారిలోని డిపోలో స్థిరపడింది. డీజిలు ఖర్చు సగానికి సగం తగ్గింది. నడవలేనివాళ్ళు డిపోదాకా ఎలా వస్తారన్నది వేరే శాఖవారు చూసుకోవలసిన విషయం.

భాగీరథమ్మ ఆటోలో వస్తుంది. కోడలు అంబిక చక్రాల కుర్చీని మడిచి ఆటో వెనక కట్టిస్తుంది. డిపోకు పోయే దారిలోనే ఆసుపత్రి గేటు వస్తుంది.

“ఈడ్నే దిగేస్తే సరిపోదా అమ్మా?” అని ఆటో ఓబళప్ప ప్రతిసారీ అడుగుతాడు.

“బండిలో వచ్చినోళ్ళకే మంచం ఇస్తారంట అప్పా. నువ్వు పోనీ,” అంటుంది ఆమె, గేటు వైపు చూడకుండా.

డిపోలో బండెక్కి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి, అదే గేటు దగ్గర దిగుతుంది. సేవకు ఆదరణ పెరిగిందని నివేదికలో రాసుకున్నారు.

ఖాళీ సీట్లతో కదలడం ఇంకో దుబారా. నిండితేగాని బండి తీయకూడదని ఉత్తర్వు వచ్చింది. కాళ్ళు లేనివాళ్ళతో బండి నిండదు గనక కాళ్ళున్నవాళ్ళనూ ఎక్కనిచ్చారు. కుర్చీని పైకెత్తే యంత్రం నలుగురి చోటు తినేస్తోందని ఊడదీశారు. “స్వల్ప అడ్జస్ట్ చేసుకోండమ్మా” అని అందరూ మర్యాదగానే చెప్పారు. ఈ ఊళ్ళో ఆ మాట ఎవరన్నా, సర్దుకోవలసింది ఎవరో ముందే ఖాయమై ఉంటుంది. ఆ సోమవారం బండి నిండి, కదిలి, ఆసుపత్రి చేరేసరికి భాగీరథమ్మ మంచం ఇంకొకరికి ఇచ్చేశారు.

గురువారం ఆమె భయంతో అందరికన్నా ముందే డిపోకు వచ్చింది. ఆ రోజు అక్కడ సేవా విజయోత్సవం. బండికి అరటి పిలకలు కట్టి, గుమ్మడికాయ కొట్టి, అతిథులను తీసుకురావడానికి పంపేశారు. ఆదర్శ లబ్ధిదారుగా సన్మానం భాగీరథమ్మకే. వేదికకు మెట్లే ఉన్నాయి గనక నలుగురు ఆమెను కుర్చీతో సహా ఎత్తారు. ఫోటో సరిగా రాలేదని దించి, మళ్ళీ ఎత్తారు.

“తక్కువ ఖర్చు, ఎక్కువ గౌరవం, ఇదే మన బాట,” అని యశ్వంత్‌గారు చాలాసేపు ప్రసంగించి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

“సోమారం తప్పిపోయింది అప్పా. ఈ పొద్దూ తప్పితే నేను బతకను. బండి ఎప్పుడొస్తాది?”

“విన్నారా? మన బండి లేకపోతే బతకలేనంటున్నారు,” అన్నారు యశ్వంత్‌గారు, కళ్ళు తుడుచుకుంటూ. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కింద అంబిక ఒక్కతే ఏడుస్తూ ఉండిపోయింది. భోజనాలయ్యాక బండి అతిథులను దింపడానికి వెళ్ళింది.

మర్నాడు ఆ ఫోటో పత్రికల్లో వచ్చింది. సేవ పుణ్యమా అని పెద్దావిడ ముఖం ఎంత నిండుగా, నిగనిగలాడుతూ ఉందో చూడండని కింద రాశారు. అది మన ఫోన్లకూ వచ్చింది. మనం దానికి చేతులు జోడించిన బొమ్మ తగిలించి, తెలిసినవాళ్ళందరికీ పంపాం.