బావి దగ్గర ఎవరు ముందు?

నీళ్లు దేవుడిచ్చినవే కావచ్చు; వాటిని ఎవరు ముందు తాగాలో తేల్చడానికి మాత్రం సంఘం కావాలి. పశువుల మీదే బతికే మా బోరానా వాళ్ల బావుల దగ్గర ఈ సత్యం కాస్త ఆలస్యంగా తెలిసింది. తాతల నాటి నుంచీ వరుస చూసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. అందరి గోడూ విని, దాహం ఎక్కువైనవాళ్లకు ముందు తోడించేవాడు. (ఇంత అశాస్త్రీయమైన పద్ధతితో ఇన్ని తరాలు ఎలా బతికాయో తెలియదు.)

మొన్నటి కరువు తర్వాత ఆయన్ని తప్పించి, జార్సో అనే ఆసామి అధ్యక్షుడిగా నీటి వరుస సంఘం వెలసింది. నిబంధన ఒక్కటే: ఎక్కువ పశువులున్నవారు ముందు, తక్కువున్నవారు వెనుక. అందరికన్నా ఎక్కువ పశువులు జార్సోకే ఉండటం కేవలం కాకతాళీయం. కరువులో మందంతా పోయి, దాలే అనే ఒక్క పాడి ఆవు మిగిలిన ఎలేమా అందరికన్నా చివర. ఆమె వంతు వచ్చేసరికి అడుగున బురదే ఉంటుందని అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండింది. అయినా బావిలో మెట్టుకొకరం నిలబడి చేదలందించేవాళ్లలో పై మెట్టువాణ్ని కాబట్టి, చేదల లయకు పశువుల్ని పిలిచే పాట పాడుతూనే ఉన్నాను.

మొదటి రోజు తొట్టి నిండింది. జార్సో మంద వచ్చింది కానీ ఒక్కటీ మూతి పెట్టలేదు. అన్నీ ముళ్లకంచె వైపే చూస్తున్నాయి. అక్కడ దాలే నిలబడి ఉంది. కరువుకు ముందు ఈ చుట్టుపక్కల పశువులన్నింటికీ పెద్ద అదే. అది తాగాకే మిగతావి తాగేవి. సంఘం ఏర్పడిన సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు.

దాలే కంచె తోసుకుని తాపీగా వచ్చింది. జార్సో ఆంబోతు పక్కకు జరిగి దారిచ్చింది.

"ఎవరిదిరా ఈ ఆవు?" అని అరిచాడు జార్సో.

"నాదే అన్నా. ఆగవే అంటే ఆగలేదు. నువ్వు అధ్యక్షుడివని దానికి తెలీదు పాపం," అంది ఎలేమా.

బావిలో మేం నవ్వేశాం. పాట కాస్త తప్పింది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. దాలేను కర్రతో తరమాలని ఉపాధ్యక్షుడు ప్రతిపాదించాడు. దాని కొమ్ములు దగ్గర నుంచి చూశాక ప్రతిపాదనను ఉపసంహరించుకున్నాడు. చివరకు పశువుల సంప్రదాయాన్ని గౌరవిస్తూ దాలేకు శాశ్వత ప్రథమ స్థానం ప్రకటించారు.

"మరి నా నీళ్ల డబ్బా సంగతేంటన్నా? ఇంట్లో పిల్లలకి తాగడానికి చుక్క లేదు," అంది ఎలేమా.

"వరుసంటే వరుసే చెల్లీ. నీ స్థానం నీదే. నీకేమన్నా కొమ్ములున్నాయా?"

ఇప్పుడు రోజూ అందరికన్నా ముందు దాలే కడుపునిండా తాగుతుంది. ఎలేమా దాన్ని ఇంటికి తోలుకెళ్లి, పాలు పిండి పిల్లలకు పోస్తుంది. ముందు వరుస నీళ్లను చివరి వరుసవాళ్లు ఇలా అడ్డదారిన తాగవచ్చునా అన్నది తేల్చడానికి సంఘం ఒక ఉపసంఘాన్ని వేసింది. తేలేదాకా ఆగమని పిల్లలకు కబురు పంపారు.