సిరిమెట్టకు వచ్చిన అద్దె ట్యాంకు

"దేశ రక్షణకు ఇకపై ఏదీ కొనం. అన్నీ అద్దెకే తెస్తాం!" అని రక్షణ సహాయ మంత్రి రవిబాబు గారు అరకులో ప్రకటించగానే విలేకరులమంతా చప్పట్లు కొట్టాం. "పెళ్లికి షామియానా కొంటామా? యుద్ధమూ అంతే" అన్నారాయన. మాలో ఎవరికీ సొంత షామియానా లేదు కనుక ఒప్పుకున్నాం.

ప్రయోగానికి గూడెం కొత్తవీధి పైనున్న సిరిమెట్టను ఎంచుకున్నారు. ఆ ఊరికి రోడ్డు లేదు. ట్యాంకు రాళ్ల మీద నడిస్తే గీతలు పడి డిపాజిట్ పోతుంది కాబట్టి ముందు రోడ్డు పడింది. ఇనప పలకలు ఒకదానికొకటి తగిలించిన చక్కని రోడ్డు. తాతల నాటి నుంచి అర్జీలు పెట్టినా రానిది రెండు రోజుల్లో వచ్చేసింది. మంత్రిగారి మీద నాకు నిజంగానే గౌరవం కలిగింది.

ఆ ఊరి రాజులమ్మకు నాకన్నా సంతోషం. ఆమె కోడలు కనకకు నెలలు నిండాయి.

"మీ బండి ఎక్కీసినాక ఆటో తెప్పిత్తాను బాబూ. గుంటని బేగి ఆస్పత్రికి తీసుకెల్లిపోతాను" అంది.

మంత్రిగారు ట్యాంకెక్కి బయల్దేరారు. వెనకాల మేం నడిచాం. పొలిమేరలో ఆడవాళ్లు దుంగ అడ్డం పెట్టి ఆపేశారు. ఇటుకల పండగ. మగవాళ్లు వేటకు వెళితే ఆడవాళ్లు దారి కాస్తారు, పండగ మామూలు ఇస్తేనే వదులుతారు. మంత్రిగారు జేబులో చెయ్యి పెట్టారు. ట్యాంకు కంపెనీ మేనేజరు తరుణ్ వారించాడు.

"సార్, అగ్రిమెంటు ప్రకారం అడ్డంకి ఎదురైతే యుద్ధం కింద లెక్క. యుద్ధం రేటు వేరు."

"వీళ్లు పండగ చేసుకుంటున్నారయ్యా!"

"దుంగ ఉంది కదా సార్."

"తీయించేస్తే?"

"అది విజయం. దానికి సర్వీస్ చార్జీ."

ఢిల్లీకి ఫోన్ చేశారు. ఇటుకల పండగ యుద్ధమా కాదా అని తేల్చడానికి అక్కడ కమిటీ వేశారు. ఈలోగా ఆడవాళ్లు థింసా ఆడారు. మంత్రిగారూ దిగి, మోకాళ్లు పట్టుకుని నాలుగడుగులు వేశారు. ఎండ వాలుతుండగా పండగేనని తేలింది. మామూలు పుచ్చుకుని ఆడవాళ్లు దుంగ తీశారు. ట్యాంకు ఊళ్లోకి చేరింది.

దాని మీద నిలబడి మంత్రిగారు అద్దె వల్ల లాభాలు చెబుతుండగా వెనక ఇనప చప్పుడు. రోడ్డు కంపెనీవాళ్లు పలకలు విప్పి లారీకెక్కిస్తున్నారు. రోడ్డు అద్దె సాయంత్రం వరకేనట. రేపు వేరే మంత్రిగారి సభకు బుక్కయిందట. లారీ వెళ్లిపోయింది. రాళ్ల మీద ట్యాంకు దించనని తరుణ్ తెగేసి చెప్పాడు.

"ఏటి బాబూ, రోడ్డు మడిసీసి పట్టుకుపోనారు? గుంటకి నొప్పులొచ్చీసినాయి!" రాజులమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె మొహం చూడలేకపోయాను.

వేట నుంచి తిరిగొచ్చిన మగవాళ్లు కర్రకు దుప్పటి కట్టి, డోలీలో కనకను పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నారు. మంత్రిగారు కిందికి దిగే రాళ్ల దారిని చూశారు, తన మోకాళ్లను చూసుకున్నారు, డోలీని ఆశగా చూశారు.

"అమ్మా, ఇలాంటిదే ఇంకోటి అద్దెకు దొరుకుతుందా?"

"నేదు బాబూ" అంది రాజులమ్మ, డోలీ వెంట నడుస్తూనే. "ఊరందరికీ ఉన్నది ఇదొక్కటే. సొంతం."