ఈతకొలను కాపలాకు ఇంగ్లీషు

...తెలియదని ఒక్క మాట అనేస్తే పోయేదేముంది, అనుకుంటున్నాడు ఎలాదియో. పోయేది చాలానే ఉంది. ఈ హాల్లో కూర్చున్న కౌన్సిలర్లందరూ బడిలో ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు చదివినవాళ్ళే. మిగతా వాళ్ళందరికీ వచ్చినట్టే ఉంది, ముఖాలే చెబుతున్నాయి. రానివాడు తానొక్కడే. నలభై ఏళ్ళుగా దాచుకున్న రహస్యం ఈ జూన్ ఉక్కలో, తిరగని ఫ్యాను కింద, బయటపడబోతోంది.

ఫుయెంతెమిర్ల పురపాలక సంఘం ఆ రోజు ప్రత్యేకంగా సమావేశం కావడానికి కారణం చిన్నదేమీ కాదు. ఊరి ఈతకొలనుకు లైఫ్‌గార్డును ఎంపిక చేయాలి. విదేశీ యాత్రికులు వస్తే ఎలా అన్న ముందుచూపుతో పరీక్షలో ఇంగ్లీషు పెట్టారు. ఎస్త్రెమదూరా ప్రాంతపు ఎండల్లో మాడే ఆ ఊరికి విదేశీ యాత్రికుడు ఇంతవరకూ రాలేదు. ముందుచూపు అంటే అదే మరి. ఈత పరీక్ష కూడా ఉంది. అయితే పరీక్ష పెట్టిన మార్చి నెలలో కొలనులో నీళ్ళుండవు గనుక దాన్ని రాతపరీక్షగా నిర్వహించారు.

రొట్టెల కొట్టువారి అమ్మాయి నియెవెస్ ఈత గురించి అరపేజీ రాసింది. నిరుడు మునిగిపోతున్న ఇద్దరు పిల్లల్ని ఒడ్డుకు లాక్కొచ్చిన మనిషే, కానీ రాత మరీ పేలవం. నోటరీగారబ్బాయి గొన్సాలో నాలుగు పేజీలు రాశాడు. నడుము లోతు దాటి ఏనాడూ దిగని ఆ యువకుడి శైలిని పరీక్షకులు ఎంతో మెచ్చుకున్నారు. అయినా మొత్తం మీద ఇద్దరికీ మార్కులు సమానంగా వచ్చాయి. ఇంగ్లీషులో ఒక్క ప్రశ్న తేలకుండా మిగిలింది.

‘మునిగిపోతున్న మనిషిని వెంటనే బయటికి లాగడం మొదలుపెట్టాలి’ అన్న వాక్యంలో, లాగడాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలి? ముందు ‘టు’ పెట్టాలా, చివర ‘ఇంగ్’ తగిలించాలా? నియెవెస్ టు అంది. గొన్సాలో ఇంగ్ అన్నాడు. ప్రశ్నపత్రం తయారుచేసిన ట్యుటోరియల్ ఈలోగా మూతపడింది. సరైన జవాబు దానితోపాటే పోయింది. పాత మిల్లులో కాపురముంటున్న ఐర్లండు ముసలాయన్ని పిలిపించి అడిగారు. "రెండూ అంటామండీ. ముందు ఆ మనిషిని లాగండి" అన్నాడాయన. ఇంగ్లీషు వచ్చినట్టు ఆయన దగ్గర సర్టిఫికెట్ ఏదీ లేదని విచారణలో తేలడంతో ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చారు. ఇక ప్రజాస్వామ్యానికి మిగిలింది ఓటింగు.

మేయరమ్మ దోన్యా కసిల్దా లేచింది. "టు అన్నది మన నోటికి అలవాటైన పద్ధతి! మా అమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇవాళ బతికుంటే టు అనే అనేది!"

ఆమె పక్షం వాళ్ళు బల్లలు చరిచారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మ పేరు చెప్పుకుని ఇంకెన్నాళ్ళు ఏలతారు మేడం?" ప్రతిపక్ష నాయకుడు తెయోదోరో అందుకున్నాడు. "ఇంగ్ అంటే కదలిక! ఇంగ్ అంటే యూరప్! వెనక్కి పోవాలనుంటే మీరు పోండి, ఊరినెందుకు ఈడుస్తారు?"

"నీ యూరప్‌ని నీ పెరట్లో కట్టేసుకో నాయనా, మా కోళ్ళు బెదిరిపోతున్నాయి!" అని అవతలి వరసలోంచి ఎవరో అరిచారు.

దీన్ని ‘లోతైన భాషాచర్చ’గా మినిట్సులో నమోదు చేశారు.

అటు నలుగురు, ఇటు నలుగురు. ఏ పక్షమూ కానివాడు ఎలాదియో ఒక్కడే. అందరూ అతని వైపు తిరిగారు.

అతనికి కావలసింది నియెవెస్. ఆరేళ్ళ మనవడు లేయో సోమవారం నుంచి ఆ కొలనులోనే దిగుతాడు. పైగా ఆ వాక్యాన్ని లోలోపల పలికి చూసుకుంటే టు అనే వస్తోంది, హాయిగా, దానంతటదే. హాయిగా రావడమే అనుమానంగా ఉంది. బడిలో దోన్ సెవెరీనో మాస్టారు ఎనిమిదేళ్ళూ కలిపి నేర్పింది ఒక్కటే: నీ నోటికి సహజంగా వచ్చిందంటే అది తప్పేరా, గాడిదా. తనలో ఇద్దరు పెనుగులాడుతున్నట్టు ఎలాదియోకు తెలుస్తూనే ఉంది. ఒకడు మనవడి తాత. రెండోవాడు చెవి మెలి పడకముందే చెవి మూసుకునే పన్నెండేళ్ళ కుర్రాడు. తాత పెద్దవాడు, నెమ్మదస్తుడు. కుర్రాడికే బలమెక్కువ.

"ఏంటయ్యా అంత ఆలోచన?" పక్క కుర్చీలోని కౌన్సిలరు పూరా గుసగుసగా నవ్వింది. "కొంపదీసి నీకు తెలీదా ఏంటి?"

"తెలీకేం? చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. ఇంగ్!" అన్నాడు ఎలాదియో, హాలంతా వినిపించేలా.

గొన్సాలో ఎంపికయ్యాడు. ఓడిన పక్షం కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇంగ్లీషు రాదన్న అపవాదు ఎవరికి కావాలి? ఊరి స్థాయి పెరిగిందని మేయరమ్మ ప్రకటించింది. నియెవెస్ వెనక వరసలోంచి లేచి, రొట్టెల బట్టీ ఆరిపోతుందని చెప్పి వెళ్ళిపోయింది.

బయట వసారాలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోవడం లేదు. గౌరవ సభ్యులందరూ తలో గోడవైపు తిరిగి ఫోన్లు చెవికి ఆనించుకున్నారు. "చెప్పేది వినవే," అంటున్నాడు తెయోదోరో గొంతు తగ్గించి. "పిల్లల్ని ఈ ఏడు కొలనుకి పంపొద్దు. ఎందుకేంటి ఎందుకు? పంపొద్దంతే." స్తంభం చాటున మేయరమ్మ అదే మాట చెబుతోంది, తడుముకోకుండా, హాయిగా, సొంత భాషలో. ఫోన్ చేసి చెప్పే కౌన్సిలరు ఇంట్లో లేని పిల్లలు సోమవారం నీళ్ళలోకి దిగుతారు. పురపాలక సంఘాలు లైఫ్‌గార్డుల్ని నియమించేది వాళ్ళ కోసమే కదా.

ఎలాదియో ఒక ఖాళీ గోడ వెతుక్కున్నాడు. ముఖం అటు తిప్పి, కూతురి నంబరు నొక్కాడు.