ఏడు మిణుగురుల గూడు

ఒక పెద్ద అడవిలో, ఏటి గట్టున ఉన్న తుమ్మచెట్టుకి రెండు గూళ్లు వేలాడుతుండేవి. రెండూ గిజిగాడివే. ఒకదాంట్లో భార్యతో, ముగ్గురు పిల్లలతో కాపురం. రెండోది ఖాళీ.

పిల్లలకి వానాకాలం గడవాలంటే ఎనిమిది జొన్నకంకులు కావాలి. అందుకని రెండో గూటిని పది కంకులకి పిచ్చుకమ్మకి అమ్మేశాడు.

అమ్మకంలో వచ్చిన లాభంలో ఐదో వంతు అడవి కచేరీకి పన్ను కట్టాలి. ఆ సంగతి ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ గిజిగాడు వేరే అడవి నుంచి వలస వచ్చినవాడు. ఆకు కదిలినా తనకే నోటీసు వచ్చిందనుకునే రకం.

"గడ్డి ఊరికే దొరికింది. అంటే పదీ లాభమే. రెండు కట్టేస్తే ఎనిమిది మిగుల్తాయి. సరిగ్గా సరిపోతాయి," అనుకుంటూ బయల్దేరాడు.

కచేరీ గుమ్మం దగ్గర పన్నుల సలహాదారు కోయిలమ్మ ఆపింది. జన్మలో ఒక్క గూడూ కట్టలేదు గానీ, గూళ్ల పన్ను విషయంలో ఆవిడని మించినవాళ్లు లేరు.

"ఏమయ్యా, నిజంగానే రెండూ కట్టేస్తావా? పిల్లలు అంత బరువయ్యారా?"

"చట్టం కదమ్మా..."

"చట్టంలోనే ఉంది నాయనా. గూటికి పెట్టిన ఖర్చు లాభంలోంచి తీసెయ్యొచ్చు. దీపాలు పెట్టలేదూ?"

"తడిమట్టితో ఒక మిణుగురుని అతికించాను. మర్నాడే ఎగిరిపోయింది."

"ఏడని రాయి. ఖర్చు పది కంకులు. లాభం సున్నా, పన్నూ సున్నా. మిగిలిన రెండిట్లో నాకొకటి, నీకొకటి."

గిజిగాడు ఒకసారి కచేరీ లోపలికి తొంగిచూశాడు. కానీ మూడో పిల్ల ఒట్టి తిండిపోతు. ఆ ఒక్క కంకీ కళ్లముందు ఊగింది. రాసేశాడు.

లోపల అధికారి తాబేలుగారు. ఇల్లు వీపు మీదే మోసుకు తిరిగే ఆయనకి, ఎవరికైనా రెండో ఇల్లు ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. కాగితం మూడుసార్లు చదివాడు.

"ఏడు మిణుగురులా! దీన్ని గూడు అనరయ్యా, భవనం అంటారు. భవనానికి సర్కారు రేటు నలభై కంకులు. పదికి అమ్మానంటే నేను నమ్మను. నలభైలో నీ ఖర్చు పది పోతే లాభం ముప్పై. పన్ను ఆరు."

గిజిగాడు కాళ్ల మీద పడ్డాడు. "అయ్యా, అబద్ధం రాశాను! పెట్టింది ఒక్కటే!"

"అలాగా. అయితే అసలు పన్ను రెండు, అబద్ధానికి జరిమానా ఏడు. వెరసి తొమ్మిది. నిజం రాసుకోమంటావా, మిణుగురులు రాసుకోమంటావా?"

కోయిలమ్మకి ఒకటి పోగా ఉన్నవే తొమ్మిది. గిజిగాడు లేచి రెక్కలు దులుపుకున్నాడు.

"ఏడు ఉన్నాయండీ. మహా వెలుగు."

మూడు కంకులతో ఇంటికి చేరాడు.

"ఎనిమిదన్నావు?" అంది భార్య.

గిజిగాడు కంకులు దించేలోగా పిచ్చుకమ్మ కచేరీ కాగితం నకలు పట్టుకుని వచ్చి వాలింది.

"అన్నా, ఇందులో ఏడు దీపాలని ముద్ర వేసి మరీ ఉంది. నా గూట్లో ఒక్కటీ లేదేం? కచేరీకే వెళ్లి అడగనా?"

"వద్దు చెల్లెమ్మా, వద్దు!"

అప్పట్నుంచి గిజిగాడు పగలంతా తగ్గిన గింజల కోసం, పొద్దుగూకితే మిణుగురుల కోసం తిరుగుతున్నాడు. తెచ్చినవాటిని అమ్మేసిన గూట్లో అతికిస్తాడు. తెల్లారేసరికి అవి ఎగిరిపోతాయి.

"అమ్మా, నాన్న మనింట్లో ఎందుకు పెట్టడూ?" అని మూడో పిల్ల అడిగింది.

"మనది భవనం కాదు తల్లీ, గూడు," అంది తల్లి.

నీతి: అబద్ధం ఆడితే ఆడండి గానీ, రోజూ కట్టివ్వగలిగినంతే ఆడండి.