చీమల కోసం పూసిన పసుపు

ఆ రోజు మునికృష్ణ పెట్టుకున్న పని ఒక్కటే. ఎనిమిది గంటల బస్సు వచ్చేలోగా చీమల సంగతి తేల్చెయ్యాలి.

కార్వేటినగరం దారిలో దొడ్డికుప్పం దగ్గర బస్సు దిగితే ఎదురుగా కనబడేదే ఆ చింతచెట్టు. దాని వయసెంతో ఎవరికీ తెలియదు. రాజులు తమ ఏనుగుల్ని దానికే కట్టేసేవారని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ చుట్టుపక్కల ఏ ముసలి చెట్టు దగ్గరికి పోయినా ఇదే మాట చెబుతారు. అన్ని చెట్లకూ కట్టడానికి అన్ని ఏనుగులు ఎక్కడివని మాత్రం ఎవరూ అడగరు. ఏనుగుల మాట ఎలా ఉన్నా, ఊరికి బస్టాపు అదే, పంచాయితీ అక్కడే, పెళ్లాంతో పోట్లాడి వచ్చినవాళ్లు కూర్చునేదీ దాని కిందే. ఇరవై రెండేళ్లుగా మునికృష్ణ కటింగ్ షాపు కూడా అదే. మానుకు కొట్టిన మేకుకు ఒక అద్దం, దాని ముందు ఒక చెక్క కుర్చీ. అద్దె లేదు, కరెంటు లేదు, నీడ మాత్రం కావలసినంత.

చిక్కల్లా చెట్టు మీది ఎర్రచీమలతోనే. ముందురోజు బడి అయ్యవారు చక్రధర్ మీసం దిద్దించుకుంటూ ఉంటే ఒక చీమ ఆయన పిక్క పట్టుకుంది. ఆయన ఎగిరాడు. కత్తి ఎగరలేదు. ఎడమవైపు మీసం సగం పోయింది.

"ఇది షాపా, చీమల పుట్టా?" అని అయ్యవారు మెడ మీది గుడ్డ విసిరికొట్టాడు. "కార్వేటినగరంలో ఏసీ సెలూను పెట్టినారు. ఇంక నేను ఆడికే పోతా. ఊరంతటికీ చెప్తా, ఆడికే పొమ్మని!"

"కోపం చేసుకోవద్దు అయ్యోరా. రెండో పక్క కూడా సగం తీసేస్తే సమానంగా ఉంటాది."

అయ్యవారు సమానానికి ఒప్పుకోలేదు. ఆయన చెబితే ఊరు వింటుందని మునికృష్ణకు భయం పట్టుకుంది. ఊరు అటు పోతే తన కుర్చీలో కూర్చునేవి చీమలే.

సంగతి విని భార్య కోమలి, "పసుపు పుయ్యి. మా అమ్మ బియ్యం డబ్బా చుట్టూ పూసేది. ఒక్క చీమ గీత దాటేది కాదు" అంది.

అందుకే పొద్దున్నే గిన్నెడు పసుపు కలిపి, మాను చుట్టూ మూరెడు వెడల్పున దట్టంగా పట్టించాడు. కారిపోకుండా దాని మీద తన పాత పసుపురంగు తువ్వాలు పరిచి తాడుతో బిగించి కట్టాడు. "ఇంక రాండి, సూస్తా" అని చీమలతో చెప్పి, ఇడ్లీ తినడానికి ఇంటికి పోయాడు.

అతను ఆరు ఇడ్లీలు తిన్నాడు. అదే ఎక్కువైంది.

మొదట పూలమ్మే నాగులమ్మ బస్సు కోసం వచ్చింది. నిన్నటిదాకా వట్టి మాను, ఇవాళ పసుపు, గుడ్డ. ఎవరు పూశారా అని ఆమె ఆలోచించలేదు. పసుపు పూసిన చెట్టును బొట్టు లేకుండా వదిలేస్తే మంచిది కాదని మాత్రం అనుకుని, బొట్టు పెట్టింది. బొట్టు పెట్టాక పూలు పెట్టకపోతే బాగుండదని మూర మల్లెలు ఆ గుడ్డకు తురిమింది. పూలు చూసి బస్సు డ్రైవరు దండం పెట్టాడు. డ్రైవరు పెట్టాడని బస్సంతా పెట్టింది. అంతమంది పెడుతుంటే పెద్దింటి భారతమ్మ కర్పూరం పట్టుకొచ్చింది.

"గంగమ్మ తల్లే! మూన్నెల్ల ముందే నాకు కలలో పసుపు చీర కనబడినాది" అంది.

మునికృష్ణ తిరిగొచ్చేసరికి కుర్చీ, అద్దం రోడ్డుకు అవతల ఎండలో ఉన్నాయి.

"నా కుర్చీని ఆడేసినారేంది?"

"అమ్మవారి ముందర వెంట్రుకలు రాలస్తావా? బుద్ధుండాదా నీకు?" అని నాగులమ్మ లేచింది.

"ఏం అమ్మవారక్కా? పసుపు పూసింది నేను. చీమలకు!"

భారతమ్మ ముందుకు వచ్చి అతని రెండు చేతులూ తిప్పి చూపించింది. అరచేతులు పచ్చగా మెరుస్తున్నాయి.

"సూసినారా! ఇరవై రెండేండ్లు రాని బుద్ధి ఈ పొద్దే ఎట్లొచ్చినాదిరా మునికృష్ణా?"

"కోమలి చెప్పినాదమ్మా."

"కోమలి నోట్లోకి వచ్చి చెప్పింది ఎవురు?"

కోమలి నోట్లోకి ఎవరొచ్చి మాట్లాడతారో పెళ్లయిన నాటినుంచీ అతనికి అంతుబట్టలేదు.

"పోనీ, ఆ తువ్వాలన్నా ఇప్పించండమ్మా. అది నాది."

"అమ్మ చీరను తువ్వాలంటావా! లెంపలేసుకో!"

వేసుకున్నాడు. చెంపలు కూడా పసుపయ్యాయి.

ఆ తరువాత నాలుగు రోజులు మునికృష్ణ ఎండలో ఖాళీ కుర్చీ పక్కన నిలబడి తన నీడను తనే చూస్తూ గడిపాడు. చెట్టు మొదట్లో పొంగలి, అరటిపళ్లు, బెల్లం పానకం. పానకం మాను మీద కారి పసుపు గీత మీదుగా చీమలకు చక్కటి దారి వేసింది. ఒకటికి పది అయ్యాయి. అవి అమ్మ బిడ్డలని, తొక్కరాదని భారతమ్మ హెచ్చరించింది.

ఐదో రోజు ఆమె మనవడికి చెట్టు కిందే పుట్టు వెంట్రుకలు తీయించాలని మొక్కుకుంది. ఏసీ సెలూను వాడికి కబురు పెడితే, "మిషనుకు ఆడ ప్లగ్గు యాడుండాది?" అన్నాడట. భారతమ్మ తానే రోడ్డు దాటి వచ్చింది.

"మునికృష్ణా, కత్తి తీసుకుని రాబ్బా."

"అమ్మవారి ముందర వెంట్రుకలు రాలతాయి కదమ్మా" అన్నాడు మునికృష్ణ. పెద్దింటికి అతను ఎదురు చెప్పడం అదే మొదలు.

"అప్పటివి రాలే వెంట్రుకలు. ఇవి ఇచ్చే వెంట్రుకలు. ఆ మాత్రం తేడా తెలీదా?"

కుర్చీని నలుగురు మోసుకొచ్చి పాతచోటే దించారు. అద్దం మళ్లీ మేకు ఎక్కింది. పిల్లవాడి గుండు చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. శుక్రవారాల్లో బస్సు దిగినవాళ్లు దిగినట్టే వరసలో నిలబడసాగారు.

మూడు వారాలకు ఆ వరసలో చక్రధర్ అయ్యవారు కనిపించాడు. మీసం ఇంకా సమానం కాలేదు.

"తిరుపతికి ట్రాన్స్‌ఫర్ వచ్చినాదప్పా. మొక్కు. గుండు కొట్టు" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

"మీసమో?"

"రెండు పక్కలా తీసెయ్."

సగం గుండు అయ్యేసరికి ఒక ఎర్రచీమ అయ్యవారి పిక్క మీదికి ఎక్కడం మునికృష్ణ చూశాడు. కత్తి గబుక్కున పైకెత్తాడు. చీమ కుట్టింది. అయ్యవారు ఉలిక్కిపడ్డాడు. మరుక్షణం కళ్లు మూసుకుని, చేతులు జోడించాడు.

"తల్లీ! పలికినావా!"

వరసలో ఉన్నవాళ్లు ఆయన పిక్కవైపు అసూయగా చూశారు. ఒకాయన పంచె కాస్త పైకి ఎత్తుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం కత్తులు సర్దుకుని ఇంటికి బయలుదేరే ముందు, మునికృష్ణ అటూ ఇటూ చూసి, చీమల బారు పక్కన తనవంతుగా ఒక బెల్లం ముక్క పెట్టాడు.