ముత్తన్నగారికి లామినేషన్

ఆ శుక్రవారం సోమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి లక్ష్మిప్రసన్న అనే ఆవిడ గల్ఫ్‌లో, తుబ్లీలోని తమ ఫ్లాటుకు వస్తుంది. ఆమెకు వాళ్ళ తాత ముత్తన్న పత్రం చూపించాలి, నాలుగు ప్రశ్నలు అడగాలి, టీ ఇచ్చి పంపించాలి, పత్రాన్ని మళ్ళీ అల్మారాలో పెట్టేయాలి.

సల్మాబాద్‌లో ఒక వర్క్‌షాపు స్టోర్‌కీపరైన సోమేశ్వరరావుకు ఉన్న పిచ్చి ఒక్కటే. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంవాళ్ళకు పతకంతోపాటు ఇచ్చిన ధ్రువపత్రం ఎక్కడ కనబడినా కొంటాడు. ఆ పేరుగల మనిషిది ఏ ఊరో, ఏమయ్యాడో ఆరా తీస్తాడు. నలభై మూడు పత్రాల్లో తెలుగువాడిది ఇదొక్కటే. భీమిలి నుంచి వెళ్ళి ఓడ బాయిలర్లో బొగ్గు వేసిన ముత్తన్న. రెండేళ్ళు ఉత్తరాలు రాయగా రాయగా, మనవరాలు ఇక్కడే సీఫ్‌లో ఒక మాల్‌లో క్లీనింగ్ సూపర్‌వైజరని తేలింది. ఆ కాగితాన్ని ఎవరైనా వేలితో తాకితే సోమేశ్వరరావుకు ఒళ్ళు మండుతుంది. పాత కాగితం పాతగానే ఉండాలి, దానిమీద కొత్త గీత పడితే ఇక అది చిత్తుకాగితమే అంటాడు.

పొద్దున దాన్ని బల్లమీద పెట్టి, జాగ్రత్తగా చూడమని భార్య నరసాయమ్మకు చెప్పి, మిఠాయి కొనడానికి మనామా వెళ్ళాడు.

గల్ఫ్‌లో పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన ఇల్లాలికి కాగితం జాగ్రత్త అంటే లామినేషనే. ఆ ఇంట్లో పదో తరగతి మార్కుల జాబితా నుంచి రేషన్ కార్డు దాకా అన్నీ ప్లాస్టిక్‌లోనే ఉన్నాయి. పై అంతస్తు యెహెజ్కేలుకు దరఖాస్తులు కొట్టి, లామినేషన్లు చేసే టైపింగ్ షాపుంది. అతను తెలుగు క్రైస్తవ సంఘం శుక్రవారం ప్రార్థనకు వెళ్తూ మెట్లమీద కనబడ్డాడు.

"కొంచెం గట్టిగా లామినేషన్ చేసిపెట్టు తమ్ముడూ. ఈ ముత్తన్నగారు యుద్ధానికెళ్ళిన మనిషంట. మా ఆయన రెండేళ్ళ నుంచి ఈయన కోసమే వెతుకుతున్నారు. తిండి కూడా సయించట్లేదు" అంది నరసాయమ్మ. అందులో ఒక్క అబద్ధం లేదు.

సోమేశ్వరరావు వచ్చేసరికి బల్ల ఖాళీ. సంగతి విన్నాక అతను తిట్టిన తిట్లకు పక్క ఫ్లాటువాళ్ళు టీవీ గొంతు పెంచుకున్నారు. యెహెజ్కేలు ఫోను ప్రార్థనలో మూగబోయింది. టాక్సీ ఎక్కి వెళితే షాపు మూసుంది. ఆ ఎండలో, మూసిన షట్టరు ముందు, చేతిలో మిఠాయి పొట్లంతో గంటన్నర నిలబడ్డాడు. ఎవరిని ముందు నమిలేయాలా అన్నదొక్కటే ఆలోచన.

రెండింటికి యెహెజ్కేలు నవ్వుతూ వచ్చాడు. చేతిలో పత్రం అద్దంలా మెరుస్తోంది. ప్రార్థనకు వెళ్ళే ముందే పని ముగించాడట. పైగా రెండు పొరలు వేశాడట, చుక్క నీరు దూరదట. అంతటితో ఆగలేదు. పత్రాన్ని సంఘంలో చూపించాడు. సంవత్సరం వేసిన చోట మడత అరిగిపోయి ఉంది కనుక ఏ యుద్ధమని ఎవరూ అడగలేదు. యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన ముత్తన్న క్షేమంగా తిరిగి రావాలని పాస్టరు జాన్ పాల్‌గారు ప్రార్థన చేయించారు. ఆడవాళ్ళు ఏడ్చారు. సాయంత్రం అందరూ కలిసి ధైర్యం చెప్పడానికి ఇంటికొస్తున్నారు.

సోమేశ్వరరావుకు కోపం నషాళానికి అంటింది. నోటికి వచ్చింది ఒక్క ముక్కే.

"ముత్తన్న పోయాడయ్యా!"

పత్రం లాక్కుని టాక్సీలో పడ్డాడు. ఎప్పుడు పోయాడో చెప్పేంత ఓపిక అప్పుడు అతనికి లేదు. యెహెజ్కేలు కళ్ళు తుడుచుకుని, సంఘంవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టేశాడు.

దాంతో ధైర్యం చెప్పడానికి రావలసిన పాతికమంది పరామర్శకు అరవైమంది అయ్యారు. నాలుగింటికి చెప్పులు కింది అంతస్తు మెట్లదాకా పరుచుకున్నాయి. బిర్యానీ డేగిసా వంటింట్లో పట్టలేదు. అందరూ ఏడుస్తుంటే బాగుండదని నరసాయమ్మ కూడా ఏడుస్తోంది. సోమేశ్వరరావు ఎంత అరిచి చెప్పినా, పాపం దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నాడని వీపు నిమురుతున్నారు. వీపు నిమిరిన ప్రతి చేతినీ విరిచేయాలనిపించింది.

అప్పుడు లక్ష్మిప్రసన్న వచ్చింది. ఎవరు పోయారని గుమ్మంలో అడిగింది. ముత్తన్నగారని ఒకావిడ చెప్పి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇక సోమేశ్వరరావుకు మొత్తం చెప్పక తప్పలేదు. తన పిచ్చి, పెళ్ళాం జాగ్రత్త, యెహెజ్కేలు తెలివి, అన్నీ పళ్ళు కొరుకుతూ చెప్పాడు. ఆమె పత్రం తీసుకుని చాలాసేపు చూసింది.

"తాత పోయినప్పుడు నాకేడేళ్ళండి. మోసినోళ్ళు నలుగురే, ఎనకాల వచ్చినోళ్ళు లేరు. యుద్ధానికెళ్ళేనని చెప్తే ఊరంతా కోతలరాయుడని నవ్వీవోరు" అంది. చుట్టూ ఉన్న అరవైమందినీ ఒకసారి చూసింది. "నాకియ్యడానికి దీన్ని ఇంత బాగా చేయించేరాండి?"

ఇవ్వడమన్నది అతని పథకంలో ఎక్కడా లేదు. పొద్దుటి నుంచి దాచుకున్న తిట్లన్నీ నాలుక చివర సిద్ధంగానే ఉన్నాయి. సోమేశ్వరరావు నోరు తెరిచాడు.

"మీ కోసమే చేయించానమ్మా. తీసుకెళ్ళండి."

నరసాయమ్మనీ, యెహెజ్కేలునీ అతను నెల తిరక్కుండానే క్షమించాడు; ఆ 'తీసుకెళ్ళండి' అన్నవాడి మీద మాత్రం ఇప్పటికీ మండిపడుతూనే ఉన్నాడు.